మేరువుకు ఆవలి ఊరు

“అయ్యోరా, మీ అబ్బాయుండే ఊరు ఏ దిక్కు?” అని మైపాడు ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక జాలరి అడిగాడు. అడిగించుకున్న వ్యక్తి ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు. సాయంసంధ్య ముగించుకొని సముద్రాభిముఖంగా కూర్చోవడం ఆయన నిత్యకృత్యం. ఆయన ఏకైక పుత్రుడు అమెరికాలోని డాలస్ నగర పరిసరాల్లో స్థిరపడి చాలా సంవత్సరాలైంది. ప్రశ్నకు ఆయన ఆలోచించకుండానే తూర్పుగా, సముద్రం వైపు చేయి చూపించాడు. ఆ తీరంలో పుట్టినవారికి విదేశమంటే నీటికి అవతల ఉన్నదే. తాతముత్తాతల కాలం నుంచి బర్మా అయినా, మలయా అయినా, మరే దేశమైనా ఆ అలలకు ఆవలే ఉండేది. జాలరి తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయాడు. ఉపాధ్యాయునికి మాత్రం తృప్తి కలగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు రేఖాగణితం బోధించిన చేయి, ఎంతమాత్రం లెక్క చూడకుండా ఒక దిక్కును నిర్దేశించింది.

ఆ రాత్రి ఆయన ఒక పాత నోటుపుస్తకం తీసి గణన ప్రారంభించాడు. మైపాడు ఉత్తర అక్షాంశం 14.5 డిగ్రీలు, తూర్పు రేఖాంశం ఇంచుమించు 80.2. డాలస్ ఉత్తర అక్షాంశం 32.8, పశ్చిమ రేఖాంశం 96.8. రెండు రేఖాంశాలను కూడితే 177 వచ్చింది. అంకెను చూసిన క్షణంలో ఆయన కలం ఆగిపోయింది. 180 అయితే రెండు ఊళ్ళూ భూగోళం మీద పరస్పరాభిముఖమైన మధ్యాహ్నరేఖలపై ఉన్నట్టు. అందుకు మూడు డిగ్రీలే తక్కువ. అటువంటి రెండు స్థలాల మధ్య హ్రస్వతమమైన మార్గం తూర్పుగానూ పోదు, పడమరగానూ పోదు. నేరుగా ఉత్తరానికి పోయి, ధ్రువప్రాంతాన్ని దాటి, అవతలి వైపు దక్షిణంగా దిగుతుంది. ఇక త్రికోణమితి సూత్రాల అవసరం కూడా లేదు. మైపాడు నుంచి ధ్రువానికి 75.5 డిగ్రీలు, ధ్రువం నుంచి డాలస్‌కు 57.2 డిగ్రీలు. మొత్తం 132.7. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 14,730 కిలోమీటర్లు. ఏడో తరగతి విద్యార్థి చేయగలిగిన కూడిక ఇది.

ఆయనను నిద్రకు దూరం చేసినది కిలోమీటర్ల సంఖ్య కాదు, ఆ దారి పోయే చోటు. మన సిద్ధాంతగ్రంథాలు ఉత్తరధ్రువస్థానంలో మేరువును నిలిపాయి. దేవతలకు ఆరు మాసాలు పగలు, ఆరు మాసాలు రాత్రి అని పురాణం చెప్పినదానికి జ్యోతిశ్శాస్త్రం చూపిన స్థానం అది. ప్రతిదినం ఆచమించి సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయన తన ఉనికిని మేరువుకు దక్షిణదిగ్భాగంలో, శ్రీశైలానికి ఆగ్నేయంగా నిరూపించుకుంటూనే ఉన్నాడు. దశాబ్దాలుగా చెప్పుకుంటున్న ఆ మాటలో తన కుమారుని దారి కూడా ఉన్నదని ఆయనకు ఎన్నడూ స్ఫురించలేదు. తాను మేరువుకు ఈవల. కొడుకు అదే మేరువుకు ఆవల. మర్నాడు ఒడ్డున ఆ జాలరి కనిపించగానే, “నిన్న తప్పు చెప్పాను, అబ్బాయుండేది ఉత్తరాన” అని సవరించాడు. అతడు ఒకసారి ఉత్తరంగా, ఇసకపల్లె దిక్కుగా చూసి నవ్వాడు.

ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలోనే ఈ సంగతిని మరొక రీతిలో చెప్పి ఉన్నాడు. భూమధ్యరేఖపై తొంభై డిగ్రీల అంతరంతో నాలుగు నగరాలను భావించి, లంకలో సూర్యోదయమైనప్పుడు సిద్ధపురంలో సూర్యాస్తమయం, యవకోటిలో మధ్యాహ్నం, రోమకపట్టణంలో అర్ధరాత్రి అవుతాయని నిరూపించాడు. సిద్ధపురమనే నగరంలో సిద్ధులు నివసిస్తారని సూర్యసిద్ధాంతం చెబుతుంది. అది గణితం కల్పించుకున్న ఊరు. పదిహేను శతాబ్దాల తరువాత ఆ కల్పితనగరపు రేఖకు చేరువలోనే ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్ళలో తెలుగువారు ఇళ్ళు కట్టుకొని, వాకిట్లో ముగ్గులు వేసుకొని జీవిస్తున్నారు. మైపాడుకు, డాలస్‌కు మధ్య సూర్యుని లెక్కలో అంతరం 11 గంటల 48 నిమిషాలు. ఘడియల్లో చెప్పాలంటే ఇరవైతొమ్మిదిన్నర. అహోరాత్రం అరవై ఘడియలు కాబట్టి అది సగానికి అరఘడియ మాత్రమే తక్కువ. ఇక్కడ సంధ్యావందనానికి అర్ఘ్యం విడిచే వేళకు అక్కడా సంధ్యాకాలమే. అయితే ఇక్కడిది ప్రాతస్సంధ్య, అక్కడిది సాయంసంధ్య. ఒకే సూర్యబింబం ఈ తీరంలో సముద్రం నుంచి పైకి వస్తూ, అక్కడి మైదానాల్లోకి దిగుతూ కనిపిస్తుంది.

ఇది గణితమార్గం. మనుషులు పోయే మార్గం వేరు. చెన్నై నుంచి డాలస్‌కు నేరుగా పోయే విమానం లేదు. ముందు మైపాడు నుంచి నెల్లూరు మీదుగా చెన్నై చేరాలి. అది రెండు వందల కిలోమీటర్లు, నాలుగు గంటలు. (దగదర్తిలో విమానాశ్రయం వస్తుందన్న మాటను ఆ ప్రాంతీయులు ఏళ్ళ తరబడి వింటున్నారు. వినడంలో వారికి అలసట లేదు.) చెన్నై నుంచి గల్ఫ్ నగరమైన దుబాయ్‌కి 2,900 కిలోమీటర్లకు పైగా, నాలుగు గంటలు. అక్కడ నిరీక్షణ మూడు గంటలు. దుబాయ్ నుంచి డాలస్‌కు 12,900 కిలోమీటర్లు, ఇంచుమించు పదహారు గంటలు. కూడితే దాదాపు 15,800 కిలోమీటర్లు, ఇరవైమూడు గంటలు. మేరుమార్గం కంటే వెయ్యి కిలోమీటర్లు అధికం. తిరుగుప్రయాణంలో పడమటి గాలులు విమానాన్ని వెనుక నుంచి నెడతాయి కనుక గంటో, అంతకు మించో కలిసివస్తుంది.

ఆ ఇంటి ఇల్లాలికి ఈ లెక్కలేవీ సమ్మతం కాదు. ఆమెది టిక్కెట్టు మీద అచ్చయిన లెక్క. కొడుకు మొదటిసారి ప్రయాణమైన రోజున చెన్నైలో విమానం ఉదయం నాలుగు గంటలకు లేచింది. డాలస్‌లో అదే తేదీన మధ్యాహ్నం మూడున్నరకు దిగింది. “పదకొండున్నర గంటలే కదా, మన తిరుపతి పోయి దర్శనం చేసుకొని వచ్చినంత సేపు” అని ఆమె ఇరుగుపొరుగుకు ధైర్యం చెప్పింది. మూడేళ్ళకు అతడు తొలిసారి సెలవుపై వచ్చినప్పుడు రాత్రి పదింటికి బయలుదేరి, ఎల్లుండి ఉదయం ఏడున్నరకు చెన్నైలో దిగాడు. అది ముప్పైమూడున్నర గంటలు. ఒకే దారికి పోయేటప్పుడు ఒక కాలం, వచ్చేటప్పుడు మూడింతల కాలమా అని ఆమె అడిగితే, భర్త కాగితం మీద గడియారాలు గీసి, పదకొండున్నర గంటల కాలభేదాన్ని ఒకసారి కలిపి, మరొకసారి తీసివేసి చూపించాడు. అంతా విని ఆమె, “మీ లెక్క మీది. పోవడం తేలిక, రావడం కష్టం అని ఆ టిక్కెట్టే చెబుతోంది” అన్నది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తరువాతి కాలంలో ఆ మాటను ఆయన నవ్వుతో తలచుకోలేకపోయాడు.

ఆ తీరానికి సుదూరప్రయాణాలు కొత్త కాదు. దక్షిణంగా ఉన్న దుగరాజపట్నంలో ఆంగ్లేయ వర్తకులు 1626లో స్థావరం ఏర్పరచుకున్నారు. చెన్నపట్నానికి వారు తరలినది ఆ తరువాత పదమూడేళ్ళకు. వారి ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి ఇక్కడ లంగరు వేయడానికి ఆరు మాసాలకు తక్కువ పట్టేది కాదు. ఉత్తరం వ్రాసినవాడు ప్రత్యుత్తరాన్ని చూసే నాటికి ఏడాది గడిచేది; కుశలప్రశ్న వేసినవాడే కాలం చేయవచ్చు. తరువాతి యుగంలో బకింగ్‌హాం కాలువ వచ్చింది. ఈ తీరం వెంట ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసు చేరేవి. గాలి వాటమైతే తెరచాప, కాకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. మనిషి నడక ఎంతో పడవ నడక అంతే కనుక దూరమూ కాలమూ అప్పట్లో ఒకటే మాట. నాలుగు రోజుల దూరం అంటే సరిపోయేది.

ఈ రెండింటినీ వేరు చేసిన దృశ్యం కూడా ఆ తీరానిదే. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మైపాడు ఒడ్డున జనం దక్షిణాకాశం వైపు చూస్తారు. కక్ష్యలో చేరిన ఉపగ్రహం సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పరిభ్రమిస్తుంది. మైపాడు నుంచి డాలస్ దాకా ఉన్న భూభాగాన్ని దాటడానికి దానికి ముప్పైఐదు నిమిషాలు చాలు. అదే చోటు నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 మాత్రం చంద్రతలం మీద ఆగస్టు 23న దిగింది, నలభై రోజులకు. ఇంధనం ఆదా చేసుకుంటూ, కక్ష్యను విడతలుగా పెంచుకుంటూ పోవడం అందుకు కారణం. వేగం చేతిలో ఉన్నా, త్వరపడకూడని దారులుంటాయి. ఉపాధ్యాయుడు ఆ వృత్తాంతాన్ని కొడుకుకు ఫోనులో ఎంతో ఉత్సాహంగా వర్ణించాడు. ఆ మాటలు సముద్రగర్భంలోని తంతువుల ద్వారా సెకనులో చిన్న భాగంలోనే డాలస్ చేరాయి. అక్కడ అతడు కార్యాలయానికి ఆలస్యమవుతోందన్నాడు.

రెండేళ్ళు ఉండి వచ్చేస్తానని వెళ్ళినవాడతడు. ఎవరూ అబద్ధం చెప్పి వెళ్ళరు. భాగవతం రైవతుని వృత్తాంతం చెబుతుంది. కుమార్తె రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి ఆ రాజు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ గంధర్వగానం జరుగుతున్నందున క్షణకాలం వేచి ఉన్నాడు. గానం ముగిశాక తన ప్రశ్న విన్నవిస్తే బ్రహ్మ నవ్వాడు. ఈ క్షణంలో భూలోకంలో ఇరవైఏడు చతుర్యుగాలు గడిచాయనీ, నీవు మనసులో అనుకున్న వరులే కాదు, వారి పుత్రపౌత్రుల పేర్లు కూడా ఇప్పుడు వినిపించవనీ చెప్పాడు. ఈ కథను సాధారణంగా కాలమహిమకు దృష్టాంతంగా చెబుతారు. రైవతుడు తప్పు చేయలేదన్నది ఇందులో గమనింపదగిన విషయం. పెద్దల సభలో పాట ముగిసేదాకా నిలబడడం మర్యాద. అతడు మర్యాద పాటించాడు, అంతే. డాలస్‌లో ఉన్నవానికి మొదట ఒక ప్రాజెక్టు, తరువాత ఇల్లు, తరువాత పిల్లల చదువు, మధ్యలో వీసా. పాస్‌పోర్టులో ముద్ర గడువు తీరినవాడు స్వదేశానికి వస్తే, తిరిగి పోవడానికి చెన్నైలో కాన్సులేటు పిలుపు కోసం వేచి ఉండాలి. ఆ పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక, రావడానికే వెనకాడతాడు. ఆ సంవత్సరాల్లో మైపాడుకూ డాలస్‌కూ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాక, ఆ ముద్రలోని తేదీలతో కొలవవలసి వచ్చింది. ఒక్కొక్కటీ క్షణకాలమే. గానం మధ్యలో లేచి రావడం ఎవరికి సాధ్యం?

ఒక కార్తీకమాసంలో, బహుళ షష్ఠి నాడు, తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె నిద్రలోనే ప్రాణం విడిచింది. డాలస్‌లో అది ముందురోజు సాయంత్రం ఐదు గంటలు. తల్లి పోయిన వార్త కొడుకుకు ఆమె పోయిన తేదీకి ఒక రోజు ముందే అందింది. విచిత్రంగా తోచినా, గడియారాల ప్రకారం అది సత్యం. అతడు సెలవు గురించి గానీ, ముద్ర గురించి గానీ ఆలోచించలేదు. ఆ రాత్రి పదింటి విమానంలో కూర్చున్నాడు. ఇక్కడి లెక్కలో అది ఉదయం తొమ్మిదిన్నర. మర్నాడు ఉదయం ఏడున్నరకు చెన్నై, పన్నెండు దాటాక ఇల్లు. ఉపాధ్యాయుడు పంచాంగం వెనుక అట్ట మీద ఈ అంకెలు వేసుకున్నాడు. ప్రాణం పోయిన వేళ నుంచి ముప్పైరెండు గంటలు.

బంధువులు నెల్లూరు నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పిస్తామన్నారు. ఆ తీరగ్రామాల్లో అది ఇప్పుడు వింత కాదు. ఇంటింటికీ ఒక బిడ్డ దూరదేశంలో ఉన్నాడు. గాజుమూత గల ఆ పెట్టెలో శరీరాన్ని ఉంచి, తీగను గోడలోని ప్లగ్గుకు తగిలించి, విమానం దిగే దాకా ఎదురు చూస్తారు. ఉపాధ్యాయుడు స్వయంగా రెండు మూడు ఇళ్ళలో ఆ పెట్టె పక్కన కూర్చొని వచ్చినవాడే. ఈసారి మాత్రం ఆయన తల అడ్డంగా ఊపాడు. శవం పర్యుషితం కాకూడదు, సూర్యాస్తమయానికి ముందే సంస్కారం జరగాలి అన్నాడు. పురోహితుడు మెల్లగా, ప్రాయశ్చిత్తం ఉన్నదనీ, పుత్రుడు వస్తున్నప్పుడు ఆగవచ్చుననీ చెప్పి చూశాడు. ఆయన వినలేదు. భర్తకు కర్తృత్వం ఉన్నది. సాయంత్రం నాలుగు గంటలకు ఆయనే నిప్పు పెట్టాడు. ఆ సమయానికి కొడుకు ఉన్న విమానం నేల విడిచి ఆరున్నర గంటలైంది. ఉత్తర అట్లాంటిక్ మీద ఎక్కడో ఉంది. ఎదుటి సీటు వెనుక తెర మీద, చేరవలసిన దూరం ఇన్ని కిలోమీటర్లు, మిగిలిన కాలం ఇన్ని గంటలు అని అంకెలు తరుగుతూ ఉంటాయి. అతడు రాత్రంతా ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాడని తరువాత తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం కారు దిగినవాడు వసారాలో ఖాళీ స్థలాన్ని చూశాడు. స్నానం చేసి వచ్చి, తండ్రి ఎదుట నిలబడి ఒకే ప్రశ్న అడిగాడు. “ఇంకొక్క రాత్రి ఆగలేకపోయారా నాన్నా?” తండ్రి శాస్త్రం చెప్పాడు. కొడుకు ఎదురు చెప్పలేదు. సంచయనం అతని చేతుల మీదుగానే జరిగింది. అస్థికలు ఆ సముద్రంలోనే కలిపాడు. ద్వాదశాహం ముగించుకొని తిరిగి వెళ్ళాడు. అటు తరువాత ఫోను పలుకులు తగ్గాయి. ఆరోగ్యం ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నారా, ఇక్కడ చలిగా ఉంది అన్న మూడు మాటలు. సెకనులో భాగం కూడా పట్టని దారిలో మాటలకు మాత్రం లోటు వచ్చింది.

అన్నంభట్టు తెలుగువాడు. పదిహేడవ శతాబ్దంలో ఆయన రచించిన తర్కసంగ్రహాన్ని ఇప్పటికీ న్యాయశాస్త్రం నేర్చుకునే బాలురు మొదటి పాఠంగా చదువుతారు. అందులో లెక్కించిన ఇరవైనాలుగు గుణాల్లో పరత్వం, అపరత్వం అనే రెండున్నాయి. పరత్వం రెండు విధాలు. దిక్కు వలన కలిగినది, కాలం వలన కలిగినది. దూరంగా ఉన్నదానిలో మొదటిది ఉంటుంది. వయసులో పెద్దవానిలో రెండవది ఉంటుంది. అంటే సంస్కృతతార్కికులు దూరస్థుణ్ణీ, వృద్ధుణ్ణీ ఒకే మాటతో పిలిచారు. కొడుకు దిక్కు చేత పరుడు, తండ్రి కాలం చేత పరుడు. వారిద్దరి మధ్య ఎడం రెండు వైపుల నుంచీ పెరుగుతోంది. విమానం తగ్గించగలిగినది ఒక వైపు మాత్రమే.

మరొక విశేషం. ఈ పరత్వాపరత్వాలు ఏ ద్రవ్యాల్లో ఉంటాయో కూడా ఆయన నిర్దేశించాడు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు, ఈ ఐదింటిలోనే. సర్వవ్యాపకమైన ఆత్మకు దూరమూ లేదు, సామీప్యమూ లేదు. మనస్సుకు మాత్రం ఉన్నది. ఈశావాస్యోపనిషత్తు ఆ తత్త్వాన్ని దూరంలోనూ ఉన్నదనీ, దగ్గరలోనూ ఉన్నదనీ వర్ణించినప్పుడు, శంకరభగవత్పాదులు విరోధాన్ని పరిహరించిన తీరు ఇదే. తెలియనివారికి కోట్ల సంవత్సరాలకైనా అందదు కనుక దూరం. తెలిసినవారికి తమ స్వరూపమే కనుక దగ్గర. వేదాంతవిచారంలో ఇది నిర్దుష్టమైన సమాధానం. భార్య పోయి ఏడాది నిండని వృద్ధుడు మైపాడు ఒడ్డున కూర్చొని దీనిని ఎన్నిసార్లు మననం చేసినా, ఆయనకు అడ్డు వచ్చినది ఆత్మ కాదు, ఆ పట్టికలో ఐదవది.

ఆబ్దికం సమీపించింది. పాస్‌పోర్టు ముద్ర విషయమై అతనికి ఈసారి రావడం కుదరలేదు, డాలస్‌లోనే పెడతానన్నాడు. తిథి ఎప్పుడన్న ప్రశ్న వచ్చింది. నెల్లూరులో కొన్న పంచాంగం ప్రకారం షష్ఠి శుక్రవారం సాయంత్రం నాలుగింట మొదలై శనివారం మధ్యాహ్నం మూడింటికి ముగుస్తుంది. శ్రాద్ధానికి అపరాహ్ణవ్యాప్తి ప్రధానం. శుక్రవారం అపరాహ్ణానికి షష్ఠి లేదు, శనివారం ఉన్నది. కనుక ఇక్కడ శనివారం. కొడుకు అక్కడి పురోహితుని అడిగితే ఆయన శుక్రవారం అన్నాడు. అతడు సందేహంతో తండ్రికి ఫోను చేశాడు. ఏడాదిలో మందుల ప్రసక్తి లేని మొదటి ఫోను అది.

తండ్రి పంచాంగం తెరిచాడు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం. పన్నెండు డిగ్రీలకు ఒక తిథి. ఆ కోణం ఆకాశంలో ఏ క్షణాన పూర్తయితే, భూమి అంతటికీ ఆ క్షణానే తిథి మారుతుంది. ఊరిని బట్టి మారేది సూర్యోదయం, దానితో పాటు వారమూ అపరాహ్ణమూ. దీనికే పూర్వులు దేశాంతరసంస్కారం అనే గణితక్రియ ఏర్పరిచారు. ఉజ్జయిని మీదుగా పోయే మధ్యరేఖ నుంచి ఎన్ని డిగ్రీలు తొలగితే డిగ్రీకి పది విఘడియల చొప్పున సవరించాలి. మైపాడు ఆ రేఖకు తూర్పున నలభైనాలుగు విఘడియలు. డాలస్ పడమట ఇరవైఎనిమిది ఘడియల నలభైఆరు విఘడియలు. ఆయన ఒక్కొక్క అడుగూ ఫోనులో చెబుతూ వెళ్ళాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు కొడుకు అవతల నుంచి అంకెలు పలుకుతూ వచ్చాడు. డాలస్ గడియారంలో షష్ఠి శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలై, అర్ధరాత్రి దాటిన తరువాత మూడున్నర దాకా ఉంటుంది. అక్కడి అపరాహ్ణం మధ్యాహ్నం ఒకటింబావు నుంచి మూడుం ఇరవై వరకు. పురోహితుడు చెప్పినది సరే, శుక్రవారమే. “మనకు శనివారం, నీకు శుక్రవారం. తిథి మాత్రం ఒకటే” అన్నాడు తండ్రి. “నేను పెట్టే వేళకు మీకు ఎంతవుతుంది?” అన్నాడు కొడుకు. రాత్రి ఒంటిగంటన్నర. తాను మేలుకొని ఉంటానని ఆయన చెప్పాడు.

ఆ రాత్రి ఆయన స్నానం చేసి, వసారాలో చాప వేసుకొని కూర్చున్నాడు. సముద్రఘోష వినవస్తోంది. కొడుకు ఫోనును గోడకు ఆనించి, తండ్రికి కనిపించేలా నిలిపాడు. భోక్తలు ఇంకా కాళ్ళు కడుక్కుంటున్నారు. రెండు మూడు నిమిషాల వ్యవధి ఉన్నది. అప్పుడు తండ్రి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పాడు. “ఆ రోజు శాస్త్రం కోసం కాదురా. ఆ పెట్టెలో అమ్మను చూడలేకపోయాను. ఆ గాజుమూత మీద చెమ్మ పడుతుంది, తుడుస్తూ ఉంటారు. రాత్రంతా ఎవరో ఒకరు తుడవాలి. అది నావల్ల కాలేదు. నీ ముందు శాస్త్రం చెప్పాను.”

అవతల కొంతసేపు మాట లేదు. దూరం వలన కలిగే విలంబం అంత ఉండదు. “విమానంలో నేను ఎదుట తెర చూస్తూ కూర్చున్నాను నాన్నా,” అన్నాడు కొడుకు. “ఇంకా ఆరు వేల చిల్లర కిలోమీటర్లు అని ఉన్నప్పుడు, ఎందుకో, అయిపోయిందనిపించింది. దిగాక మిమ్మల్ని అడగకూడదనుకున్నాను. అడిగేశాను.” పురోహితుడు పిలిచాడు. అతడు లేచి, ఉత్తరీయం సవరించుకొని పీట మీద కూర్చున్నాడు. సంకల్పంలో జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం, భరతవర్షానికి బదులు రమణకవర్షం వినిపించాయి. గోత్రమూ ఆమె పేరూ మారలేదు.

తండ్రి అలవాటు ప్రకారం ఉత్తరాభిముఖంగా కూర్చొని ఉన్నాడు. మేరువుకు ఆవలి ఊరు అటే. తెర మీద కొడుకు ప్రాచీనావీతి చేసుకొని, పిండప్రదానానికి దక్షిణం వైపు తిరిగాడు. పితృకార్యానికి ఆ దిక్కే విహితం. తన వైపు వీపు పెట్టాడని మొదట తోచింది. తరువాత ఉపాధ్యాయుని మనస్సు, అలవాటు మానలేక, ఆ రేఖను అతని ముందు నుంచి పొడిగించుకుంటూ పోయింది. డాలస్ నుంచి దక్షిణంగా, మెక్సికో దాటి, పసిఫిక్ దాటి, అంటార్కిటికా మంచు దాటి, అవతలి వైపు హిందూమహాసముద్రం మీదుగా ఉత్తరానికి ఎక్కి, సింహళం మీదుగా ఈ ఇసుక ఒడ్డుకు. మూడు వందల అరవై నుంచి 132.7 తీసివేయగా 227.3. గుణిస్తే 25,230 కిలోమీటర్లు. ఆయన పంచాంగం అట్ట మీద, నిరుటి అంకెల కింద, ఆ సంఖ్యను వ్రాసుకున్నాడు. ఫోనులో తిలోదకం విడుస్తున్న చప్పుడు వినిపించింది.